లిస్ప్‌లో ఎవాల్ ఎందుకు మొరాయిస్తుంది, మాక్రో ఎక్కడ పనికొస్తుంది

కోడ్ కూడా లిస్టే అన్న సంగతి ఒంటబట్టగానే లిస్ప్ కొత్తగా రాస్తున్నవాళ్ళు మొదట పట్టుకునే పనిముట్టు ఎవాల్. కావలసిన కోడ్‌ను లిస్టుగా పేర్చి ఎవాల్ చేతిలో పెడితే చాలు, నడిచిపోతుంది. చిన్న ప్రయోగాల్లో ఎక్కడా అడ్డం రాదు. అదే ఆలోచనతో ఒక ఫంక్షన్ లోపల రాయగానే తేడా కొడుతుంది:

(లెట్ ((ఎక్స్ 10))
  (ఎవాల్ '(+ ఎక్స్ 1)))

దీనికి జవాబు 11 రాదు. ఎక్స్‌కు విలువ లేదన్న ఎర్రర్ వస్తుంది. పై లైన్లోనే 10 ఇచ్చాం కదా!

(ఒక సర్దుబాటు: ఈ వ్యాసంలో కోడ్ అంతా తెలుగు లిపిలో ఉంది. లెట్, డెఫన్, ఎవాల్ లాంటి లిస్ప్ పదాలను టైపు చేసేటప్పుడు రోమన్ లిపిలోనే కొట్టాలి. మనం పెట్టుకునే పేర్లు మాత్రం ఎస్‌బీసీఎల్‌లో (కామన్ లిస్ప్‌ను నడిపే ఒక కంపైలర్) తెలుగులోనే ఉండొచ్చు, అది యూనికోడ్ పేర్లను ఒప్పుకుంటుంది. అయితే అక్షరాల మధ్య కంటికి కనిపించని విడదీసే గుర్తు ఒకటి దొర్లితే, చూడ్డానికి ఒక్కలాగే ఉన్న రెండు పేర్లు లిస్ప్‌కు వేర్వేరు అవుతాయి. పొల్లు హల్లుతో ముగిసే పేర్లలో ఈ తిప్పలు ఎక్కువ.)

ఎర్రర్ ఎందుకొచ్చిందో కామన్ లిస్ప్ (లిస్ప్ రకాల్లో ఒకటి, ఈ వ్యాసంలో వాడేది) 1994 నాటి ఆన్సి ప్రమాణంలోనే ఉంది. ఎవాల్ తనకిచ్చిన ఫారాన్ని (లెక్కగట్టాల్సిన కోడ్ ముక్కను) ఖాళీ లెక్సికల్ వాతావరణంలో లెక్కగడుతుంది. చుట్టూ ఉన్న లెట్, ఫంక్షన్ ఆర్గ్యుమెంట్లు, ఫ్లెట్‌తో పెట్టిన స్థానిక ఫంక్షన్లు, మాక్రోలెట్‌తో పెట్టిన స్థానిక మాక్రోలు, ఇవేవీ దానికి కనిపించవు. కనిపించేది గ్లోబల్ సరుకు, ఆ క్షణాన అమల్లో ఉన్న డైనమిక్ వేరియబుల్స్ మాత్రమే. ఇది ప్రమాణం రాసినవాళ్ళ మొండితనం కాదు. కంపైల్ అయ్యాక ఎక్స్ అన్న పేరే మిగలదు. దాని స్థానంలో ఒక రిజిస్టరో, స్టాక్‌లో ఒక గదో ఉంటుంది, లేదా కంపైలర్ 10ని నేరుగా లెక్కలో కలిపేసి ఉంటుంది. ఎవాల్ వచ్చి "ఎక్స్ ఎవరు?" అని అడిగితే చెప్పే దిక్కు ఉండదు.

ఎర్రర్ వచ్చిందంటే ఇంకా నయం. రెప్ల్‌లో (కొట్టిన కోడ్‌కు అక్కడికక్కడే జవాబిచ్చే చోట) అంతకుముందు ఎప్పుడో (సెట్‌క్యూ ఎక్స్ 500) అని కొట్టి మరిచిపోయి ఉంటే, ఎస్‌బీసీఎల్ ఒక వార్నింగ్ ఇచ్చి 501 చేతిలో పెడుతుంది. ఎక్స్‌ను ముందే డెఫ్‌వార్‌తో గ్లోబల్ వేరియబుల్‌గా ప్రకటించి ఉంటే లెట్ కూడా డైనమిక్ అయిపోతుంది కాబట్టి సరిగ్గా 11 వస్తుంది. అంటే ఒకే రెండు లైన్ల కోడ్, ఆ సెషన్‌లో ముందు ఏం జరిగిందన్నదాన్ని బట్టి మూడు రకాలుగా ప్రవర్తిస్తుంది. తప్పు ఎక్కడుందో వెతికేవాడికి ఇంతకంటే నరకం లేదు.

దీనికి చాలామంది వేసే అతుకు బ్యాక్‌కోట్ (` గుర్తు: లిస్టును మూసగా ఉంచి, కామా ఉన్నచోట మాత్రం విలువను నింపుతుంది). (ఎవాల్ `(+ ,ఎక్స్ 1)) అని రాస్తే కామా దగ్గర ఎక్స్ విలువ 10 వచ్చి కూర్చుంటుంది, ఎవాల్‌కు (+ 10 1) అందుతుంది, 11 వస్తుంది. ఈ అతుకు నంబర్లకు, స్ట్రింగులకు నిలుస్తుంది. విలువ లిస్టు అయిన రోజున చిరుగుతుంది:

(లెట్ ((జాబితా '(3 1 2)))
  (ఎవాల్ `(లెంగ్త్ ,జాబితా)))

ఎవాల్ చేతికి వెళ్ళేది (లెంగ్త్ (3 1 2)). లోపలి లిస్టు దానికి డేటా కాదు, కోడే. 3 అనే ఫంక్షన్‌ను పిలవబోయి బోర్లా పడుతుంది. కామా ముందు ఒక కోట్ (లెక్కగట్టకుండా ఉన్నదున్నట్టు ఉంచమనే ' గుర్తు) పెట్టి ',జాబితా అని రాయాలి. విలువ సింబల్ (లిస్ప్‌లో పేరు) అయినా ఇదే గొడవ: దాన్ని వేరియబుల్ అనుకుని విలువ వెతుకుతుంది. టెస్టుల్లో అన్నీ నంబర్లే పెట్టి పరీక్షించినవాళ్ళకు ఈ తప్పు అసలు డేటా వచ్చేదాకా బయటపడదు.

ముందు ఫంక్షన్ చాలుతుందేమో చూడాలి

ఎవాల్ మానేయమంటే వెంటనే మాక్రో (కంపైల్ సమయంలోనే కోడ్‌ను తయారుచేసి ఇచ్చే కోడ్) మీద పడాల్సిన పనిలేదు. ఎవాల్ కనిపించిన చోట్లలో ఎక్కువ భాగం మామూలు ఫంక్షన్‌తో తీరిపోతాయి. నంబర్ల లిస్టును కూడడానికి (ఎవాల్ (కాన్స్ '+ లిస్టు)) అని రాస్తుంటారు. దానికి అప్లై ఉంది: (అప్లై #'+ లిస్టు). ఇంకా పెద్ద లిస్టులైతే రెడ్యూస్ మేలు, ఎందుకంటే ఒక పిలుపులో ఎన్ని ఆర్గ్యుమెంట్లు పట్టాలన్నదానికి ప్రతి లిస్ప్‌లోనూ ఒక హద్దు ఉంటుంది. పేరు రన్‌టైమ్‌లో తెలిసే వేరియబుల్‌కు విలువ ఇవ్వడానికి (ఎవాల్ `(సెట్‌క్యూ ,పేరు ,విలువ)) అంటారు. నిజానికి అక్కడ కావలసింది హ్యాష్ టేబుల్. గ్లోబల్ వేరియబులే కావాలని పట్టుబడితే సింబల్-వాల్యూ మీద సెట్‌ఎఫ్ ఉంది. ఎవాల్‌తో లాంబ్డా తయారుచేయడం మరీ అనవసరం. లాంబ్డా తన చుట్టూ ఉన్న వేరియబుల్స్‌ను తనతో మోసుకుపోతుంది, అదే క్లోజర్.

ఒక్కచోట మాత్రం కొత్తవాళ్ళు నిజంగానే ఇరుక్కుంటారు. నిజం-అబద్ధాల లిస్టు ఒకటి ఉంది, అన్నీ నిజమేనా చూడాలి. (అప్లై #'అండ్ లిస్టు) పనిచేయదు, ఎందుకంటే అండ్ ఫంక్షన్ కాదు, మాక్రో. ఇక వేరే దారి లేదనుకుని (ఎవాల్ `(అండ్ ,@లిస్టు)) రాస్తారు (,@ లిస్టులోని వాటిని విడివిడిగా అక్కడ పరుస్తుంది). అక్కడ కావలసింది (ఎవ్రీ #'ఐడెంటిటీ లిస్టు). ఆర్ కావాలంటే సమ్.

మాక్రో అవసరం నిజంగా ఎక్కడ పడుతుంది

మన దగ్గర భూమి కొలతలనే తీసుకుందాం. ఎకరానికి 4840 చదరపు గజాలు. తెలంగాణలో ఎకరాన్ని 40 గుంటలుగా లెక్కపెడతారు, గుంటకు 121 గజాలు. ఆంధ్రలో 100 సెంట్లుగా లెక్క, సెంటుకు 48.4 గజాలు. లిస్ప్‌లో ఆ 48.4ను 242/5 అని భిన్నంగానే రాసుకోవచ్చు, దశాంశాల సవరింపు బెడద ఉండదు. ప్రతి కొలతకూ దాన్ని గజాల్లోకి మార్చే ఫంక్షన్ ఒకటి కావాలి. చేత్తో రాస్తే ఒకే మూస పదిసార్లు. అందుకని కొందరు ఇలా చేస్తారు:

(డోలిస్ట్ (జత '((ఎకరం 4840) (గుంట 121) (సెంటు 242/5)))
  (ఎవాల్ `(డెఫన్ ,(గజాల-పేరు (ఫస్ట్ జత)) (సంఖ్య)
            (* సంఖ్య ,(సెకండ్ జత)))))

ఇందులో గజాల-పేరు అనేది ఎకరం ఇస్తే ఎకరం->గజాలు అన్న సింబల్ తయారుచేసే చిన్న ఫంక్షన్. ఫైలు లోడ్ చేస్తే అంతా పనిచేస్తుంది. కానీ కంపైలర్ వైపు నుంచి చూడండి. దాని కంటికి ఇక్కడ ఉన్నది ఒక లూపు, అందులో ఎవాల్‌కు ఒక పిలుపు, అంతే. మూడు ఫంక్షన్లు పుట్టబోతున్నాయని దానికి తెలియదు. అదే ఫైల్లో కింద ఎక్కడైనా ఎకరం->గజాలు వాడితే అలాంటి ఫంక్షన్ లేదని వార్నింగ్ ఇస్తుంది. ఆ వార్నింగులకు అలవాటుపడ్డాక, నిజంగా పేరు తప్పు రాసినప్పుడు వచ్చే వార్నింగునూ చూడకుండా వదిలేస్తాం. అసలు నష్టం అది.

మాక్రోతో:

(డెఫ్‌మాక్రో కొలతలు (&రెస్ట్ జతలు)
  `(ప్రోగ్న్
     ,@(మ్యాప్‌కార్
         (లాంబ్డా (జత)
           `(డెఫన్ ,(గజాల-పేరు (ఫస్ట్ జత)) (సంఖ్య)
              (* సంఖ్య ,(సెకండ్ జత))))
         జతలు)))

(కొలతలు (ఎకరం 4840) (గుంట 121) (సెంటు 242/5))

లోపలి బ్యాక్‌కోట్ మూస రెండింట్లోనూ ఒకటే. మారిందల్లా ఆ లిస్టు ఎప్పుడు తయారవుతుంది, ఎవరి చేతికి వెళ్తుంది అన్నది. మాక్రో కంపైల్ సమయంలో నడిచి, తాను కట్టిన లిస్టును కంపైలర్‌కే తిరిగి ఇస్తుంది. కంపైలర్ దాన్ని మనం ఆ చోట చేత్తో రాసిన కోడ్‌లాగే చూస్తుంది: చుట్టూ ఉన్న వేరియబుల్స్ కనిపిస్తాయి, టైపులు చూస్తుంది, పేర్లు సరిచూస్తుంది. ఎవాల్ కోడ్‌ను అది రాసిన చోటు నుంచి పెరికి వేరే చోట నాటుతుంది, మాక్రో ఉన్నచోటే ఉంచుతుంది. రెండింటి మధ్య తేడా అంతా ఇందులోనే ఉంది.

ప్రోగ్న్ అక్కడ ఊరికే లేదు. ఫైలు పై అంచున ఉన్న ప్రోగ్న్ లోపలి ఫారాలను కూడా పై అంచున ఉన్నట్టే చూడాలని ప్రమాణం చెబుతుంది. అందువల్లే ఆ మూడు డెఫన్లూ కంపైలర్ దృష్టిలో పడతాయి. ప్రోగ్న్ బదులు లెట్ పెట్టారో, ఆ గుర్తింపు పోతుంది.

ఏం వచ్చిందో కళ్ళారా చూడాలంటే మాక్రోఎక్స్‌పాండ్-1కు ఆ ఫారాన్ని కోట్ చేసి ఇవ్వండి. ఎమాక్స్ ఎడిటర్‌లో స్లైమ్ (లిస్ప్ రాయడానికి ఉన్న జోడింపు) వాడుతుంటే ఫారం మీద కర్సర్ పెట్టి కంట్రోల్-సి, ఎంటర్ నొక్కితే చాలు:

(ప్రోగ్న్
  (డెఫన్ ఎకరం->గజాలు (సంఖ్య) (* సంఖ్య 4840))
  (డెఫన్ గుంట->గజాలు (సంఖ్య) (* సంఖ్య 121))
  (డెఫన్ సెంటు->గజాలు (సంఖ్య) (* సంఖ్య 242/5)))

2 ఎకరాల 15 గుంటలకు 9680, 1815 కలిపి 11495 గజాలు. మాక్రో రాసినప్పుడల్లా ఈ విస్తరణ చూసే అలవాటు చేసుకోండి. మాక్రో మీద వచ్చే సందేహాల్లో చాలావరకు అక్కడే తీరిపోతాయి.

కంపైల్ సమయంలోనే నడుస్తుంది కాబట్టి మాక్రో చేత తనిఖీలు కూడా చేయించవచ్చు. లాంబ్డా మొదట్లో (చెక్-టైప్ (సెకండ్ జత) రేషనల్) అని ఒక లైను చేరిస్తే, ఎవరైనా భిన్నం బదులు 48.4 అని రాసినప్పుడు కంపైల్ దశలోనే ఎర్రర్ పడుతుంది. ప్రోగ్రాం నడిచేదాకా ఆగనక్కర్లేదు.

ఇక నిజాయతీగా చెప్పాలంటే, కొలతల పేర్లు వాడేవాళ్ళు తెరమీద ఎంచుకునేవైతే ఈ మాక్రో వద్దు. ఒక హ్యాష్ టేబుల్, ఒక ఫంక్షన్ చాలు. కోడ్ రాసేవాళ్ళు ఫంక్షన్లను పేరుపెట్టి పిలవాలి, పేరు తప్పితే కంపైలర్ పట్టుకోవాలి అన్నప్పుడే మాక్రో తన ఖర్చు తాను సంపాదించుకుంటుంది.

నిన్న పనిచేసింది, ఇవాళ పనిచేయదు

పై మాక్రోను ఫైల్లో పెట్టి కంపైల్-ఫైల్ చేసినవాళ్ళకు గజాల-పేరు అనే ఫంక్షన్ లేదని ఎర్రర్ వస్తుంది. పక్క లైన్లోనే డెఫన్ ఉన్నా సరే. కారణం సూటిగానే ఉంది: కంపైల్-ఫైల్ ఆ డెఫన్‌ను అనువదించి పక్కన పెడుతుంది తప్ప, ఇప్పటికిప్పుడు నడపదు. మాక్రో మాత్రం ఇప్పుడే నడవాలి, దానికి గజాల-పేరు ఇప్పుడే కావాలి. మందు ఇది:

(ఎవాల్-వెన్ (:కంపైల్-టాప్‌లెవల్ :లోడ్-టాప్‌లెవల్ :ఎగ్జిక్యూట్)
  (డెఫన్ గజాల-పేరు (కొలత)
    (ఇంటర్న్ (కాంకటినేట్ 'స్ట్రింగ్
               (సింబల్-నేమ్ కొలత) "->గజాలు"))))

పేరులో ఎవాల్ ఉన్నా దీనికీ మనం మానమంటున్నదానికీ సంబంధం లేదు. ఇది ఒక ఫారం ఏయే దశల్లో నడవాలో చెప్పేది మాత్రమే. మూడు దశలూ రాయండి. ఒకటి వదిలేస్తే ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది.

ఈ తప్పు మాటువేసి ఉంటుంది. రెప్ల్‌లో ఒక్కొక్క ఫారాన్నే కొడుతూ పనిచేసినవాళ్ళకు అది కనిపించదు, ఎందుకంటే అక్కడ డెఫన్ అప్పటికే నడిచి ఉంటుంది. ఒకసారి లోడ్ అయిన సెషన్‌లో మళ్ళీ కంపైల్ చేసినా కనిపించదు. కొత్త మెషీన్‌లో, కొత్త సెషన్‌లో మొదటిసారి కంపైల్ చేసినవాళ్ళకే ఎదురవుతుంది. అందుకే మాక్రోలున్న ఫైలును ఎవరికైనా ఇచ్చే ముందు లిస్ప్‌ను పూర్తిగా మూసి, తెరిచి, కంపైల్ చేసి చూడాలి.

పేరు నుంచి సింబల్ తయారుచేసే ఇంటర్న్ దగ్గర కూడా ఒక మెలిక ఉంది. ప్యాకేజీ (సింబళ్ళు ఉండే ఇల్లు) చెప్పకపోతే అది ఆ క్షణాన అమల్లో ఉన్న ప్యాకేజీలో సింబల్ పెడుతుంది. మాక్రో విస్తరించేటప్పుడు అది ఆ ఫైలు ప్యాకేజీ, మనకు కావలసింది అదే. అదే పని రన్‌టైమ్‌లో ఏదో ఫంక్షన్ లోపలి నుంచి ఎవాల్‌తో చేస్తే, అప్పుడు అమల్లో ఉన్నది యూజర్ ప్యాకేజీ కావచ్చు. ఫంక్షన్ పుడుతుంది, కానీ మనం వెతికే ఇంట్లో కాదు.

ఇక అతి తరచుగా జరిగే పొరపాటు. జతలన్నీ ఒక వేరియబుల్‌లో పెట్టి (కొలతలు పట్టిక) అని పిలుస్తారు. మాక్రోకు అందేది పట్టికలోని విలువ కాదు, పట్టిక అన్న సింబల్. (ఫస్ట్ 'పట్టిక) దగ్గర ఇది లిస్టు కాదంటూ ఆగుతుంది. అప్పుడు మాక్రో లోపల (ఎవాల్ (ఫస్ట్ జతలు)) అని రాసి గట్టెక్కాలని చూస్తారు. ఆ వేరియబుల్ కంపైల్ సమయానికి సిద్ధంగా ఉంటే నడుస్తుంది, లేకపోతే లేదు. ఎవాల్ మళ్ళీ దొడ్డిదారిన వచ్చేసింది. ఇక్కడ వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఈ సమాచారం ఎప్పటికి తెలుస్తుంది? కోడ్ రాసేటప్పుడే తెలిస్తే దాన్ని మాక్రో పిలుపులోనే రాయండి. ప్రోగ్రాం నడిచేటప్పుడే తెలిస్తే అది ఫంక్షన్ పని.

మాక్రోలకు సొంత జబ్బులూ ఉన్నాయి. (డెఫ్‌మాక్రో వర్గం (ఎన్) `(* ,ఎన్ ,ఎన్)) అని రాసి, కె విలువ 3గా ఉన్నప్పుడు (వర్గం (ఇంక్‌ఎఫ్ కె)) అంటే 16 బదులు 20 వస్తుంది. ఇంక్‌ఎఫ్ రెండుసార్లు నడిచి 4ను 5తో గుణించింది. అసలిది ఫంక్షన్‌గా ఉండాల్సింది, వేగం కావాలంటే ఇన్‌లైన్ అని ప్రకటిస్తే సరిపోతుంది.

రెండోది ఇంకా మెత్తగా కోస్తుంది:

(డెఫ్‌మాక్రో తారుమారు (ఎ బి)
  `(లెట్ ((తాత్కాలికం ,ఎ))
     (సెట్‌ఎఫ్ ,ఎ ,బి)
     (సెట్‌ఎఫ్ ,బి తాత్కాలికం)))

ఏ రెండు వేరియబుల్స్ ఇచ్చినా విలువలు మారతాయి, వాటిలో ఒకదాని పేరు తాత్కాలికం కానంతవరకు. (తారుమారు తాత్కాలికం మొత్తం) అంటే లెట్ లోపలి తాత్కాలికం బయటిదాన్ని కప్పేస్తుంది, బయట ఏమీ మారదు. ఎర్రర్ కూడా రాదు. మందు జెన్‌సిమ్, ఇంకెవరి దగ్గరా ఉండే వీల్లేని సింబల్ ఇస్తుంది:

(డెఫ్‌మాక్రో తారుమారు (ఎ బి)
  (లెట్ ((తా (జెన్‌సిమ్)))
    `(లెట్ ((,తా ,ఎ))
       (సెట్‌ఎఫ్ ,ఎ ,బి)
       (సెట్‌ఎఫ్ ,బి ,తా))))

(ఈ పనికి కామన్ లిస్ప్‌లో రొటేట్‌ఎఫ్ ఉంది, అదే వాడండి.) క్లోజర్ అనే మరో లిస్ప్ భాషలో (పైన చెప్పిన క్లోజర్ కాదు) బ్యాక్‌కోట్ లోపల పేరు చివర # గుర్తు పెడితే ఇదే జరుగుతుంది. స్కీమ్ అనే ఇంకో లిస్ప్‌లో సింటాక్స్-రూల్స్ ఈ జాగ్రత్తను తానే తీసుకుంటుంది.

మాక్రోను మార్చాక దాన్ని వాడిన ఫైళ్ళన్నీ మళ్ళీ కంపైల్ చేయాలని కూడా గుర్తుంచుకోవాలి. పాత విస్తరణ వాటిలో అప్పటికే కలిసిపోయి ఉంటుంది. ఏఎస్‌డీఎఫ్‌లో (లిస్ప్ ఫైళ్ళను వరసలో కంపైల్ చేసే పనిముట్టు) ఏ ఫైలు దేనిమీద ఆధారపడిందో సరిగ్గా రాస్తే ఆ పని అదే చూసుకుంటుంది.

ఎమాక్స్‌లో జరిగిన మార్పు

మాక్రోలు లిస్ప్‌లోకి 1963లో వచ్చాయి, ఎంఐటీలో టిమోతీ హార్ట్ ఆ ఏడాది రాసిన మెమోతో. అంతకుముందు నుంచీ ఉన్నది ఫెక్స్‌పర్: ఆర్గ్యుమెంట్లను లెక్కగట్టకుండా కోడ్‌గానే తీసుకుని, తనకు కావలసినప్పుడు రన్‌టైమ్‌లో ఎవాల్ చేసుకునే ఫంక్షన్. రెండూ చాలాకాలం పక్కపక్కనే నడిచాయి. ఫెక్స్‌పర్‌కు ఏ ఆర్గ్యుమెంట్ కోడో, ఏది డేటానో కంపైలర్ ముందుగా తెలుసుకోలేదు కాబట్టి వాటిని వదిలి మాక్రోలు వాడాలని 1980లో కెంట్ పిట్‌మన్ వాదించారు. కామన్ లిస్ప్‌లో ఫెక్స్‌పర్లు లేవు.

అదే వాదన చాలా తర్వాత ఎమాక్స్‌లో మళ్ళీ గెలిచింది. ఫలానా లైబ్రరీ లోడ్ అయ్యాక ఫలానా సెట్టింగులు అమలు చేయమని చెప్పడానికి ఎవాల్-ఆఫ్టర్-లోడ్ అనే ఫంక్షన్ వాడేవారు. సెట్టింగుల కోడ్‌ను కోట్ చేసి ఇవ్వాలి. కోట్ లోపల ఉన్నది డేటా కాబట్టి బైట్ కంపైలర్ దాన్ని తెరిచి చూసేది కాదు, చుట్టూ ఉన్న స్థానిక వేరియబుల్స్ అందులోకి వచ్చేవి కావు. 2014లో వచ్చిన ఎమాక్స్ 24.4లో విత్-ఎవాల్-ఆఫ్టర్-లోడ్ అనే మాక్రో చేరింది. అది చేసేది ఇంతే: మీరిచ్చిన కోడ్‌ను ఒక లాంబ్డాలో చుట్టి పాత ఫంక్షన్‌కే ఇస్తుంది. కోట్ పోయి లాంబ్డా వచ్చింది, కోడ్ కంపైలర్ కళ్ళముందుకొచ్చింది. మంచి మాక్రో ఎంత పల్చగా ఉండొచ్చో ఇక్కడ నేర్చుకోవచ్చు. భారమంతా ఫంక్షన్ మోస్తుంది, మాక్రో కేవలం లాంబ్డా చుట్టి పెడుతుంది. ఫంక్షన్‌ను సరిదిద్దితే మాక్రో వాడిన ఫైళ్ళను తిరిగి కంపైల్ చేసే పని కూడా తప్పుతుంది.

కోడే రన్‌టైమ్‌లో వస్తే

ఫార్ములా వాడేవాళ్ళు టైపు చేసేదైతే, ఫైలు నుంచి చదివేదైతే మాక్రో ఏమీ చేయలేదు. ఆ ఫార్ములా వచ్చేసరికి కంపైల్ ఎప్పుడో ముగిసింది. ఇక్కడ కూడా లూపులో ఎవాల్ పెట్టకండి. ఎస్‌బీసీఎల్‌లో ఎవాల్ అంటే, సాదా ఫంక్షన్ పిలుపుల్లాంటివి తప్పిస్తే, పూర్తి కంపైలర్‌ను నడపడమే. లెట్టో లాంబ్డానో ఉన్న ఫారాన్ని లక్ష వరసల మీద ఎవాల్ చేస్తే లక్షసార్లు కంపైల్ చేసినట్టు. ఒక్కసారి చేయండి:

(కంపైల్ నిల్ `(లాంబ్డా (విస్తీర్ణం) ,సూత్రం))

ఇది ఫంక్షన్‌ను ఇస్తుంది. దాన్ని దాచుకుని ఫన్‌కాల్ చేస్తే, విలువ ఆర్గ్యుమెంట్‌గా వెళ్తుంది కాబట్టి మొదట చూసిన ఎక్స్ గొడవా ఉండదు, కోట్ గొడవా ఉండదు.

కానీ ఆ ఫార్ములా మనం నమ్మని చోటు నుంచి వస్తే కంపైల్ కూడా ఎవాల్ అంత ప్రమాదమే. విస్తీర్ణం లెక్క పేరుతో ఫైళ్ళు చెరిపే కోడ్ రావచ్చు. అలాంటప్పుడు మనం ఒప్పుకునే గుర్తులు మాత్రమే తెలిసిన చిన్న అనువాదకుడిని రాసుకోవాలి:

(డెఫన్ కట్టు (సూ)
  (కాండ్
    ((రేషనల్‌పీ సూ) (కాన్‌స్టంట్లీ సూ))
    ((ఈక్యూ సూ 'విస్తీర్ణం) #'ఐడెంటిటీ)
    ((అండ్ (కాన్స్‌పీ సూ) (మెంబర్ (ఫస్ట్ సూ) '(+ - *)))
     (లెట్ ((పని (సింబల్-ఫంక్షన్ (ఫస్ట్ సూ)))
           (భాగాలు (మ్యాప్‌కార్ #'కట్టు (రెస్ట్ సూ))))
       (లాంబ్డా (వి)
         (అప్లై పని
           (మ్యాప్‌కార్ (లాంబ్డా (భా) (ఫన్‌కాల్ భా వి))
                     భాగాలు)))))
    (టి (ఎర్రర్ "ఒప్పుకోని సూత్రం"))))

ఇది క్లోజర్ల చెట్టును కడుతుంది. ఎవాల్ లేదు, కంపైలర్ లేదు, జాబితాలో లేని ఏ పేరు వచ్చినా చివరి లైను ఆపేస్తుంది. (కట్టు '(* విస్తీర్ణం 121)) ఇచ్చే ఫంక్షన్‌కు 15 ఇస్తే 1815 వస్తుంది.

అయితే ఫార్ములాను టెక్స్టు నుంచి రీడ్‌తో చదువుతుంటే కట్టు దాకా రాకముందే ప్రమాదం జరిగిపోవచ్చు. లిస్ప్ రీడర్‌కు #. అనే గుర్తు ఎదురైతే దాని వెనకున్న ఫారాన్ని చదువుతున్నప్పుడే ఎవాల్ చేసేస్తుంది. రీడ్ పిలిచే ముందు *రీడ్-ఎవాల్*ను నిల్ చేయాలి. *ప్యాకేజీ*ని కూడా మన ప్యాకేజీకి కట్టాలి, లేదంటే చదివిన విస్తీర్ణం వేరే ప్యాకేజీ సింబల్ అయి, ఈక్యూ దగ్గర కలవక, సరైన ఫార్ములాకే "ఒప్పుకోని సూత్రం" అని ఎర్రర్ వస్తుంది.